చావుకు పిలిస్తే రాం, కచ్చేరికి పిలిస్తే వస్తాం

నేను జాజ్ విన్నాకనే మా నాయన తప్పెట విన్నాను. ఈ ముక్క రాయాలంటే సిగ్గుగా ఉండాది. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ సిగ్గు నా ఒక్కడిదే కాదు. చదువుకుని పల్లె దాటిన ప్రతి మాదిగ పిల్లోడిదీ. తప్పెటను జెండా చేసుకున్నామని చెప్పుకునే సంఘాలదీ. తప్పెటగాళ్లను ఎండలో నిలబెట్టి మంత్రులకు స్వాగతాలు పలికించే సర్కారుదీ.

అమెరికాలో ఒక నల్ల మనిషి ఊదిన బాకా నాకు ముందు అర్థమైంది. మా ఇంటి చూరుకు వేలాడిన తప్పెట ఆ తర్వాత అర్థమైంది. ఇట్టా ఎందుకు జరిగింది? నా చెవులకు గంత ఎవరు కట్టారు? నా తగువంతా దీని మీదనే.

మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు నుంచి ఇస్కపల్లి పోయే దిక్కున ఒక మాదిగపల్లె. ఒక పక్క రెడ్ల వరి మడులు. ఇంకో పక్క ఉప్పు కొటార్లు. ఆ పైన బకింగ్‌హాం కాలవ, సరుగుడు తోపులు, సముద్రం. ఊళ్లో ఎవరు చచ్చినా మా నాయనకు కబురొచ్చేది. కబురంటే పిలుపు కాదు, ఆజ్ఞ. చావుకు తప్పెట. కొలుపుకు తప్పెట. పన్ను కట్టమన్నా, కాలవకు నీళ్లు వదిలినా చాటింపుకు తప్పెట. పెళ్లిలో మంగళోళ్ల సన్నాయి మేళానికి పందిట్లో ఒక మూల చాప పరిచేవాళ్లు. మా నాయనోళ్లు వీధి మొగదల నిలబడాల్సిందే. వాయించేవాళ్లలో కూడా మెట్లుండాయి. అంతస్తుల అసమానత గురించి అంబేద్కర్ పుస్తకంలో చదవకముందే నేను దాన్ని పెళ్లి పందిట్లో చూశాను.

కూలి ఏంది? కళ్లం కాడ నాలుగు మానికల వడ్లు. చావింట్లో కల్లు డబ్బులు. పెళ్లింట్లో అందరూ తిని లేచినాక మిగిలిన కూడు, అదీ పైగుడ్డలో. రాత్రంతా వాయించిన మనిషిని బాగుందని అన్నవాడు లేడు. వాళ్ల లెక్కలో అది వాయించడమే కాదు గదా. మృదంగం వాయిస్తారు. వీణ వాయిస్తారు. తప్పెట మాత్రం కొడతారు. కట్టె కొట్టినట్టు, గొడ్డును కొట్టినట్టు. భాషలో కూడా మాకొక వెలివాడ కట్టారు. ఆ మాట మా నోటికీ అంటుకుంది. మేమూ కొట్టడమనే అంటాం.

మా నాయన తప్పెట ఎట్టా చేసేవాడో చెప్తా. చెక్క వలయం. నానబెట్టి బొచ్చు గీకిన తోలు. చింతగింజలు ఉడకబెట్టి నూరిన జిగురుతో తోలును వలయానికి అంటించి, వెనక వార్లతో లాగి బిగించేవాడు. కుడి చేతిలో లావుపాటి పొట్టి సిర్ర. ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర తోలు నడిమి గొంతు పలికిస్తది. పుల్ల అంచు మీద చిటపటలాడతది. వాయించబోయే ముందు ఎండాకు మంటేసి తోలు కాచేవాళ్లు. మా వైపు సముద్రపు గాలికి తోలు చెమ్మగిల్లి గొంతు దిగిపోతది. మంట చూపితే బిగిసి లేస్తది. మా నాయన వేలితో తట్టి చెవి కాడ పెట్టుకునేవాడు. మళ్లా మంట చూపేవాడు. నలుగురి తప్పెటలూ ఒకే గొంతుకు వచ్చిందాకా కదలనిచ్చేవాడు కాదు. శ్రుతి చెయ్యడమంటే ఇంకేంది? కానీ ఆ మాట మా నాయన చేతి పనికి ఎవరూ వాడలేదు.

బడిలో నన్ను తప్పెటోడి కొడకా అనేవాళ్లు. ఒక అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు నా పేరు రాగానే బల్ల మీద రెండు వేళ్లతో దరువేశాడు. తరగతంతా నవ్వింది. ఆ రోజు నుంచీ తప్పెట చప్పుడు వినిపిస్తే నేను చెవులు మూసుకుని కాలవ గట్టుకు పరిగెత్తేవాణ్ణి.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. అప్పుడు నేను నెల్లూరులో సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా అందరి రక్తం ఉడికింది. సంఘాల్లో తిరిగాం. తప్పెట బానిసత్వానికి గుర్తు, దాన్ని పారెయ్యాలని ఉపన్యాసాలిచ్చాం. మరుసటి సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయాను. చూరుకు వేలాడుతున్న తప్పెట దించి, తోలు కోసే కత్తితోనే అడ్డంగా కోశాను.

మా నాయన గడప కాడ నిలబడి చూశాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు.

"కొట్టబాకంటే మానేస్తా అబ్బయ్యా. ఊరోళ్లు తంతే పడతా. అయితే, నువ్వొక్కసారన్నా విన్నావా?" అన్నాడు.

నేను జవాబు చెప్పలా. జవాబు నా కాడ లేదు.

ఆయన నిజంగానే మానేశాడు. ఆ వేసవిలో ఊళ్లో ఒక పెద్ద రెడ్డి చనిపోతే పోలేదు. నాలుగు నెలలు మా పల్లెలో ఎవరికీ ఊళ్లో పని పెట్టలేదు. మా అమ్మ ఉప్పు కొటార్లలో తట్టలు మోసింది. ఉప్పు నీళ్లకు కాళ్లు పగిలి రాత్రుళ్లు నిద్రపోయేది కాదు. నేను హాస్టల్లో ఫ్యాను కింద ఉండి తిరుగుబాటు గురించి రాస్తున్నాను. తిరుగుబాటు చేసింది వాళ్లు.

1988లో ఒక పరీక్ష రాయడానికి మద్రాసు పోయాను. మౌంట్‌రోడ్డు ప్లాట్‌ఫారం మీద పాత క్యాసెట్ల గుట్టలో ఒక నల్ల మొహం కనిపించింది. చేతిలో బాకా. మొహం నిండా చెమట, నవ్వు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. జాజ్ అంటే ఏందో నాకు తెలీదు. అమెరికాలో బ్లాక్ పాంథర్లు ఉండారనీ, వాళ్లను చూసి 1972లో బొంబాయిలో మనోళ్లు దళిత్ పాంథర్స్ పెట్టారనీ తెలుసు. నల్లోడు మనోడే గదా అని క్యాసెట్టు కొన్నాను.

మొదట ఒక్క ముక్క ఎక్కలా. గోలగా తోచింది. మూడో రోజు రాత్రి ఒక చోట చెవి ఆగిపోయింది. బాకా ఒక మాట అన్నది. వెనక ఉన్న వాద్యాలు బదులిచ్చాయి. బాకా మళ్లా అదే మాట అన్నది, ఈసారి కొంచెం వంచి, సాగదీసి. వాళ్లు మళ్లా బదులిచ్చారు. వెనక్కి తిప్పి విన్నాను. ఇది నాకు తెలుసు! మా నాయన ముందు నిలబడి ఒక దరువు వేస్తే తక్కిన ముగ్గురూ అందుకునేవాళ్లు. ఆయన దాన్ని మెలి తిప్పితే వాళ్లూ తిరిగేవాళ్లు. కాయితం లేదు. ముందే అనుకున్నది లేదు. అప్పటికప్పుడు కళ్లతోనే మాట్లాడుకుని కట్టిన కట్టడం. చెవులు మూసుకుని పరిగెత్తినా అది లోపలికి పోయింది. న్యూ ఆర్లీన్స్ బాకా వచ్చి నా లోపలి తలుపు తట్టింది.

హాస్టలు మంచం మీద కూచుని ఏడ్చాను. ఎందుకేడుస్తుండావని అడిగిన స్నేహితుడికి క్యాసెట్టు చూపించాను. ఇంగ్లీషు పాట విని ఏడ్చేంత పెద్దోడివైపోయినావా అని నవ్వాడు.

అప్పుడే మా తాత చెప్పిన సంగతి గుర్తొచ్చింది. మా పల్లెకు పడమట బిట్రగుంటలో రైల్వే వాళ్ల పెద్ద లోకోషెడ్డు ఉండేది, ఆవిరి ఇంజన్ల కాలంలో. మా తాత కొన్నాళ్లు అక్కడ బొగ్గు మోశాడు. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు కాలనీలో ఉండేవాళ్లు. క్రిస్మస్ రాత్రుళ్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో బ్యాండు పెట్టి డాన్సులాడేవాళ్లంట. మా తాత కంచె బయట నిలబడి వినేవాడంట. "డ్రమ్ము కొట్టేవోడు కాలితో ఒక లెక్క, చేత్తో ఒక లెక్క కొడతాడ్రా" అని ఇంటికొచ్చి తప్పెట మీద ఆ నడక పట్టుకోవాలని చూసేవాడంట. అది జాజో మరొకటో తాతకు పేరు తెలీదు. ఎవురిదైనా మంచి దరువైతే చాలు, కంచె బయట నిలబడైనా విన్నాడు. కంచె లోపలోళ్లు ఒక్కరన్నా మా తాతది విన్నారా?

ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివేకొద్దీ మా పల్లె కనిపించింది.

న్యూ ఆర్లీన్స్‌లో బానిసలకు ఆదివారం మధ్యాహ్నం కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి డోళ్లు వాయించుకునే వీలుండేది. ఆ నగరంలోనే తర్వాత జాజ్ పుట్టింది. నల్లోళ్లు తమ వాళ్లు చనిపోతే బ్యాండుతో ఊరేగేవాళ్లు. శ్మశానానికి పోయేటప్పుడు నెమ్మదిగా, ఏడుపు మాదిరి. పూడ్చి తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా, ఎగురుతూ. మా వైపు శవం ముందరే ఆడతారు. వాళ్లు తిరుగు దారిలో ఆడతారు. అయితే ఒక తేడా ఉండాది. వాళ్లు వాళ్ల చావులకు వాయించుకున్నారు. మేం మా చావులకూ వాయించాం, మమ్మల్ని తన్నిన రెడ్డి చావుకూ వాయించాం.

ఇంకో తేడా కూడా రాయాల. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో దగ్గర బానిసలు డోళ్లు కొట్టుకుంటూ తిరగబడ్డారు. మరుసటి ఏడు, 1740లో, అక్కడి దొరలు చట్టం చేసి బానిసలు డోలు ముట్టకుండా నిషేధించారు. డోలు వాళ్ల చేతిలో ఉంటే తమ పీకల మీదికి వస్తుందని భయపడ్డారు. మన దొరలు అంతకంటే తెలివైనోళ్లు. మన చేతిలో తప్పెట పెట్టి, కొట్టి తీరాలన్నారు. మన వాద్యాన్నే మన మెడకు గుదిబండగా కట్టారు. అందుకే అక్కడ డోలు కొట్టడం తిరుగుబాటైంది. ఇక్కడ కొట్టకపోవడం తిరుగుబాటైంది.

ఈ సంగతి నేను కనిపెట్టింది కాదు. 1878లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో ఒంగోలు వైపు మాదిగలు వేల మంది క్రైస్తవం పుచ్చుకున్నారు. ఊరి దేవతల జాతరలకు ఇక తప్పెట కొట్టమన్నారు. అందుకు ఊళ్లు వాళ్లను వేధించాయి. దాన్ని మతం మార్పిడిగానే చరిత్ర రాశారు. నేను దాన్ని వాద్యగాళ్ల సమ్మె అంటాను. తెలుగు నేల మీద కళాకారులు చేసిన సమ్మెల్లో అదొక పెద్దది. ఏ సంగీత చరిత్రలో ఆ సమ్మెకు చోటుంది?

ఇక కళను ప్రేమిస్తున్నామని చెప్పేవాళ్ల సంగతికి వస్తాను.

జాజ్ పేరుతో అచ్చయిన మొట్టమొదటి రికార్డు 1917లో వచ్చింది. వాయించింది తెల్లోళ్ల బ్యాండు. 1930లో 'కింగ్ ఆఫ్ జాజ్' అని సినిమా తీశారు. ఆ రాజు పాల్ వైట్‌మన్, తెల్లోడు. న్యూయార్క్ హార్లెంలో కాటన్ క్లబ్ అని ఉండేది. 1927 నుంచి డ్యూక్ ఎలింగ్టన్ అక్కడ వాయించాడు. వేదిక మీద నల్లోళ్లు, కుర్చీల్లో తెల్లోళ్లు. వాయించేవాడి అమ్మానాన్న వినాలని వచ్చినా లోపలికి రానివ్వరు. 1959 ఆగస్టులో న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ క్లబ్ బయట మైల్స్ డేవిస్ నిలబడి ఉంటే పోలీసులు తల పగలగొట్టారు. అదే క్లబ్‌లో ఆ వారం కచ్చేరి ఆయనదే. లోపల చప్పట్లు, బయట లాఠీ. అదీ మెచ్చుకోవడమంటే.

నల్లోళ్ల సంగీతమంటే తెల్ల ప్రపంచం చెవి కోసుకుంది. కానీ నల్లోడి పక్కన కూచోలేదు. ఈ ఒక్క ముక్క తెలుగులోకి తిప్పి చదువుకోండి.

మనకు కాటన్ క్లబ్బులు లేవా? జానపద కళోత్సవాలు ఏంది మరి? తప్పెటగాళ్లకు రంగు తలపాగాలు చుట్టి, గజ్జెలు కట్టి, గేటు కాడ ఎండలో నిలబెడతారు. ముఖ్య అతిథి కారు దిగి లోపలికి పోయిందాకా వాయించాల. ఆయన లోపల కూచోగానే ఆపాల. లోపల శాస్త్రీయ సంగీతం మొదలవుతుంది. ఆ శాస్త్రీయ మృదంగం మీద ఉన్నది ఏ తోలు? ఆవుది, బర్రెది, మేకది. దాన్ని ఊనింది ఎవరు? 2020లో టి.ఎం. కృష్ణ మృదంగాలు చేసే వాళ్ల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాశాడు. వాళ్లలో చాలామంది దళిత క్రైస్తవులు. ఆ పుస్తకం ఆవిష్కరణకు హాలు ఇస్తామన్న కళాక్షేత్ర ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. తోలు పనికొస్తది. తోలు పని చేసినోడి కథ పనికిరాదు.

సినిమా వాళ్ల సంగతి చూడండి. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తాడు. మాదిగల ఆశ్రిత కులమైన డక్కలి మనిషి. 2021లో 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతు, కిన్నెర వాడుకున్నారు. ఊరూవాడా మోగింది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివార్లలో ఇల్లు కట్టే కాడ కూలి పని చేస్తూ కనిపించాడు. పత్రికలు అయ్యో అని రాశాయి. అది చదివినప్పుడు నాకు కింగ్ ఆలివర్ గుర్తొచ్చాడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ను షికాగో పిలిపించి పెద్దవాణ్ణి చేసిన గురువు. 1938లో సవానా పట్నంలో బిలియర్డ్స్ హాలు ఊడ్చుకుంటూ పేదవాడిగా చచ్చిపోయాడు. బిరుదుల్లో ఆలివర్‌కు రాజు, మొగులయ్యకు పద్మశ్రీ. చేతిలో ఒకడికి చీపురు, ఒకడికి ఇసక తట్ట.

సర్కారు పింఛను ఇస్తుండాది గదా అంటారు. అవును. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 3,000 నుంచి 4,000 రూపాయలైంది. ముసలి తప్పెటగాళ్ల కంచంలో అది కూడు. నేను దాన్ని తీసిపారెయ్యను. కానీ పింఛను ఇచ్చేది చేతకానివాడికి. చేతనైనవాడికి ఇవ్వాల్సింది ప్రతిఫలం. సంగీత విద్వాంసుడికి కచ్చేరికి ఇంత అని ముందే మాట్లాడి, కారు పంపించి, శాలువా కప్పి పిలుస్తారు. తప్పెటగాడికి మాత్రం బస్సు చార్జీలు, పెరుగన్నం పొట్లం. ఈ తేడా ఏ రాగంలో ఉంది? కులంలో ఉంది.

ఇప్పుడు మన సంగతి. ఊరోళ్లను తిట్టడం సులభం. ఇది రాయడమే కష్టం.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. దండోరా అంటేనే తప్పెట చాటింపు. ఊరోళ్ల ఆజ్ఞలు చాటిన తప్పెట మొట్టమొదటిసారి మా మాట చాటింది. ఆ మాట ముప్పై ఏళ్లు మోగి మోగి, 2024 ఆగస్టు 1న ఎస్సీల వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చేత చెప్పించింది. ఆ దరువులో మా నాయన దెబ్బ కూడా ఉంది. ఎట్టా ఉందో చెప్తా.

1995లో మా వైపు ఒక సభ పెట్టుకున్నాం. నేను కరపత్రం రాశాను. ఇంటికి పోయి మా నాయన్ని తప్పెట వాయించమన్నాను.

"కోసిందీ నువ్వే, కట్టమనేదీ నువ్వే" అని నవ్వాడు. తొమ్మిదేళ్ల తర్వాత కొత్త తోలు తెచ్చి నానబెట్టాడు. పాత జతగాళ్లను పోగేశాడు. సభ రోజు పొద్దున్నుంచి ఊరేగింపు ముందర వాయించారు. నేను ఆ రోజు నిజంగా విన్నాను. వీధులు కదిలిపోయినాయి. ఒక్కో మలుపులో ఒక్కో నడక. అరవయ్యేళ్ల మనిషి కాలు నేల మీద నిలవలేదు.

సభ మొదలైంది. వేదిక మీద పదిహేడు కుర్చీలు. వక్తలు, కవులు, లాయర్లు, నాలాంటి మేధావులు. తప్పెటగాళ్లు కింద, స్తంభాల కాడ నిలబడ్డారు. మూడు గంటలు మాట్లాడాం. తప్పెట మన ఆత్మగౌరవం అన్నాం. తప్పెట మన ఆయుధం అన్నాం. నేనైతే ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి కూడా మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. తప్పెటను పొగిడే ఆ మూడు గంటల్లో తప్పెటకు ఐదు నిమిషాలు దొరకలేదు. కరపత్రంలో పదిహేడు మంది పేర్లు అచ్చయినాయి. చివర్లో 'డప్పు కళాకారుల బృందం' అని ఒక వరుస. ఆ వరుస రాసిన చెయ్యి ఇదే. దిగి చూస్తే అన్నాలు అయిపోయాయి. మా నాయనోళ్లు తినకుండానే నడిచి వెళ్లిపోయారు.

రాత్రి ఇంటికి పోయి ఎందుకు చెప్పకుండా వచ్చినావు నాయనా అనడిగాను. "చావింట్లో కల్లు డబ్బులన్నా ఇచ్చేవోళ్లురా" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు.

రెడ్డి వీధి మొగదల నిలబెట్టాడు. మేం వేదిక కింద నిలబెట్టాం. ఎంత తేడా?

కొందరు దళిత మిత్రులు ఇప్పటికీ నాతో వాదిస్తారు. తప్పెట వెట్టికి గుర్తు, దాన్ని కళ అని ముద్దు చేస్తే మళ్లా మన పిల్లల చేతికే సిర్ర ఇస్తారు, పియానో ఎప్పటికీ ఇవ్వరు అంటారు. వాళ్ల భయం నిజం. మా పిల్లోడికి తప్పెట ఒక్కటే తగిందనేవాడు మళ్లా మనువే. మా పిల్లోళ్లు వయొలిన్ నేర్వాల, పియానో నేర్వాల, ఏదీ నేర్వకుండా ఇంజినీరూ కావాల. కానీ మిత్రులారా, వెట్టి వేరు, దరువు వేరు. వెట్టిని తగలబెట్టాల. నేను తెలివి లేక దరువును కోశాను. ఆ కోత నా తండ్రి మీద పడింది, రెడ్డి మీద పడలేదు.

నల్లోళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది వాళ్ల రాగాలకంటే ముందు వాళ్ల బేరం. 1952లో చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ కలిసి సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నారు. 1957లో లిటిల్ రాక్ పట్నంలో నల్ల పిల్లల్ని బడిలోకి రానివ్వకుండా గవర్నరు సైన్యాన్ని అడ్డం పెట్టాడు. సర్కారు తరఫున రష్యాకు పోవాల్సిన ఆర్మ్‌స్ట్రాంగ్, నా వాళ్లను ఇట్టా చూసే సర్కారు కోసం నేను పోనని తెగేసి చెప్పాడు. ఎప్పుడూ నవ్వే మనిషి, నవ్వించేవాడని సొంత వాళ్లే ఎగతాళి చేసిన మనిషి. వాయించనని చెప్పగలిగినవాడే కళాకారుడు. వాయించనని చెప్పలేనివాడు ఎంత గొప్పగా వాయించినా వెట్టివాడే. మా నాయన 1986లో పెద్ద రెడ్డి చావుకు పోని రోజున కళాకారుడైనాడు. ఆ రోజు ఆయన చేతిలో తప్పెట కూడా లేదు.

అందుకని నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. తప్పెటగాళ్లను పిలిస్తే ముందే ప్రతిఫలం మాట్లాడండి. గేటు కాడ వద్దు, వేదిక మీద కూచోబెట్టండి. ముక్కాలు గంట ఉపన్యాసం లేకుండా వినండి. కరపత్రంలో ఎవరి పేరు వాళ్లకు వెయ్యండి. సంగీత కళాశాలల్లో తప్పెటను మృదంగంతో సమానంగా పాఠం పెట్టండి. పాఠం చెప్పేవాడికి సర్టిఫికెట్ లేదని తోసెయ్యబాకండి, ఆయన చేతులే సర్టిఫికెట్. పల్లెల్లో ఇంకా మిగిలిన ముసలోళ్ల దరువులు వాళ్ల అనుమతితో, వాళ్లకు డబ్బిచ్చి రికార్డు చెయ్యండి. అన్నిటికంటే ముందు, రానంటే ఊరుకోండి. రానన్నవాడి పొలం పని ఆపబాకండి.

విద్యార్థులకు ఒక మాట. మీ ఫోనులో ప్రపంచంలోని జాజ్ అంతా ఉండాది. వినండి, తప్పకుండా వినండి. విన్న చెవులతో ఒకసారి మీ పల్లెకు పోండి. కుడి సిర్ర ఏం చెప్తుందో, ఎడమ పుల్ల ఏం బదులిస్తుందో పట్టుకోండి. ముందున్నవాడు కన్ను తిప్పితే జతగాడు ఎట్టా అందుకుంటాడో చూడండి. నాకు మాదిరి ఆలస్యం చెయ్యబాకండి.

బడ్డీ బోల్డెన్ అని జాజ్‌కు ఆదిపురుషుడని చెప్పుకునే బాకా మనిషి ఉండేవాడు. 1931లో పిచ్చాసుపత్రిలో చచ్చిపోయాడు. ఆయన ఊదినది ఒక్క నిమిషం కూడా రికార్డుగా మిగల్లేదు. ఆ సంగతి చదివినప్పుడు అయ్యో అనుకున్నాను. మా ఇంట్లో మూడు అరల నిండా జాజ్ క్యాసెట్లు, సీడీలు ఉండాయి. మా నాయన 2003లో పోయాడు. ఆయన తప్పెట నా దగ్గర ఒక్క నిమిషం లేదు. టేప్ రికార్డరు నా దగ్గర పదిహేనేళ్లుంది. దాన్ని సంచిలో వేసుకుని ఊరికి పోవాలని ఒక్కసారి తట్టలేదు.

పేర్లు అచ్చెయ్యండని రాసిన నేను ఈ వ్యాసంలో మా నాయన పేరు రాయలేదు. గమనించే ఉంటారు. రాయాలని చెయ్యి కొట్టుకుంటుండాది. రాస్తే ఆ ఊరు ఏదో తెలుస్తది. ఆ రెడ్డి ఎవరో తెలుస్తది. మా తమ్ముడి కుటుంబం ఇంకా అక్కడే బతకాల. ఒక తప్పెటగాడి పేరు ధైర్యంగా రాయలేని దేశంలో కళల గురించి ఎవరూ గొప్పలు చెప్పబాకండి.

మా తమ్ముడి కొడుకు ఇప్పుడు ఐదుగురితో దళం నడుపుతున్నాడు. పోయిన ఏడు ఆ పెద్ద రెడ్డి ఇంట్లోనే ఇంకో చావు జరిగింది. ఫోనొచ్చింది. నేను పక్కనే ఉన్నాను. వాడు లేచి నిలబడలేదు, గొంతు తగ్గించలేదు.

"చావుకు పిలిస్తే రాం అండీ. కచ్చేరికి పిలవండి, వస్తాం. ఐదు కుర్చీలు వేసి పెట్టాల" అన్నాడు.

అవతల ఫోను పెట్టేశారు. వాడు మంట దగ్గరకు పోయి తప్పెట కాచుకుంటూ, "పెదనాయనా, కూచోని విను" అన్నాడు. కూచున్నాను.